పిచ్చుకకు నచ్చిన పుస్తకం

రెండు వేళ్ళు తెగి బల్ల మీద పడ్డప్పుడు స్పీకరులో ఒక ముసలావిడ దొంగతనం చేస్తోంది. పెద్ద బట్టల దుకాణంలోకి దర్జాగా నడిచొచ్చి, మనవడికి స్వెటరు కావాలని ఒకదాన్ని బేరమాడుతూ, అమ్మేవాడి కళ్ళ ముందే ఇంకొకదాన్ని కోటు లోపలికి తోసేసుకుంటోంది. కోళ్ళు కోసే ఆ షెడ్డులో, పొడవాటి ఇనుప బల్లకు అటూ ఇటూ నిలబడ్డ ఆడవాళ్ళంతా కత్తులు ఆడిస్తూనే పగలబడి నవ్వుతున్నారు. అరుపు ఆ నవ్వులో కలిసిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాక గానీ, ఆగకుండా మిగిలింది అరుపని ఎవరికీ తెలియలేదు.

అరిచింది పిచ్చుక. బల్ల చివర, కోడిని నిలువునా రెండు చెక్కలు చేసే గుండ్రటి రంపం దగ్గర ఆమె పని. రంపం ఆగినప్పుడల్లా దాని పళ్ళలో ఇరుక్కున్న ఎముక ముక్కల్ని గీకి తీసేయాలి. మళ్ళీ తిప్పే ముందు గంట మోగాలి. ఆ గంట చెడిపోయి చాలా కాలమైంది కాబట్టి మేస్త్రీయే మీటల పెట్టె దగ్గర నిలబడి "చేతులు!" అని ఒక్క కేక వేసి మీట నొక్కేవాడు. ఆ రోజూ కేక వేశాడు. ఆ రోజూ నొక్కాడు. పిచ్చుక చెయ్యి మాత్రం రంపం మీదే ఉంది.

అందరికంటే ముందు పరిగెత్తింది కథలక్క. ఆమె పిచ్చుకకు స్వయానా వదిన. చేతిలో కత్తి ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. ఆడపడుచు మణికట్టు పట్టుకుని తలకంటే పైకెత్తి, తన తలగుడ్డ లాగి చుట్టింది. చుట్టిన కొద్దీ గుడ్డ తడిసిపోతోంది. కోడి నెత్తురేదో మనిషి నెత్తురేదో తెలియని ఆ బల్ల మీద తెగిన వేళ్ళ కోసం వెతికింది. ఒకటి రంపం కింద దొరికింది. రెండోది కోడికాళ్ళ కుప్పలో దొరికింది. కుప్పలో ఒక్కొక్క కాలూ పక్కకు తీసి చూడాల్సివచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాను!" మేస్త్రీ మిషను ఆపి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "చేతులు తియ్యమని గొంతు చించుకున్నాను. వింటేగా! చెవుల నిండా కథలు కూరుకుని పనిచేస్తే వేళ్ళు కాదు, తలకాయలే తెగుతాయి!"

బల్ల పైన మేకుకు వేలాడే స్పీకరు ఇంకా వాగుతూనే ఉంది. నీళ్ళు పడకుండా దానికి ఎప్పుడూ ఒక పాలిథిన్ సంచీ తొడిగి ఉంచేవాళ్ళు. మేస్త్రీ ఆ సంచీని మేకుతో సహా ఊడబెరికి నేలకేసి కొట్టి, బూటుకాలితో తొక్కాడు. ముసలావిడ దుకాణం గుమ్మం దాటిందో లేదో ఎవరికీ తెలియకుండానే ఆ పుస్తకం అక్కడితో ఆగిపోయింది.

ఆ స్పీకరు కథలక్కది. అందులో మాట్లాడే ఫోనూ ఆమెదే. కాళ్ళు విరిచే చోట నిలబడి ఏళ్ళ తరబడి కోడికాళ్ళు విరుస్తూ విసుగెత్తి, ఒకసారి ఆమె ఫోనులో చదివి వినిపించే ఒక నవల పెట్టింది. పక్కనావిడ సౌండు పెంచమంది. ఎదురుగా ఉన్నావిడ మొదటినుంచీ పెట్టమంది. అలా మొదలైంది. కథలక్క అన్న పేరు కూడా అప్పుడు పడ్డదే. అంత వినిపించిన మనిషికి ఇప్పుడు ఆడపడుచు చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆసుపత్రి బండిలో కూర్చుంటే ఒకటే మాట తలలో తిరుగుతోంది. ఆ వేళ్ళు కోసింది రంపం కాదు, నేనే.

*

వేళ్ళు అతకలేదు. బాగా నలిగిపోయాయని, ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

ఇంట్లో కథలక్క మొగుడు గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. లారీలు బాగుచేసే మనిషి, మాట తక్కువ, కోపం ముక్కు మీద ఉంటుంది. చెల్లెలి చేతికట్టు చూశాడు. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, తర్వాత పెళ్ళాం వైపు చెయ్యి చాపాడు.

"ఫోనియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యమన్నానా?"

ఇచ్చింది. పనిముట్ల సంచీలోంచి సుత్తి తీసి, ఫోనును గడప మీద పెట్టి, అతను ఒకే దెబ్బ వేశాడు. ఒక దెబ్బకే అది పోయింది. కానీ అక్కడితో ఆపలేదు. గాజుపెంకులు గది మూలల దాకా ఎగిరిపడుతున్నా కొడుతూనే ఉన్నాడు. ఆపబోయిన కథలక్క భుజం పట్టి గోడకు తోశాడు. ఆమె వీపు గోడకు తగిలి, అల్మరాలో గిన్నెలు గలగలమన్నాయి.

"నా చెల్లెలి వేళ్ళు తెచ్చిస్తాయా నీ పుస్తకాలు? ఆ? తెచ్చిస్తాయా?"

"అన్నయ్యా, వదినని ఏమీ అనకు." మంచం మీంచి పిచ్చుక అంది. ఎప్పట్లాగే తల ఒక పక్కకు వాల్చి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అలా తల వాల్చి చూస్తుందనే ఆ ఏడాది షెడ్డులో ఆమెకు ఆ పేరు పెట్టారు. "వదిన తప్పేం లేదు."

"మరెవరిది?"

పిచ్చుక నోరు తెరిచి, మూసుకుంది. పెంకులు ఊడ్చడానికి చీపురు తెచ్చుకున్న కథలక్క ఆ తెరిచి మూసిన నోరు చూసింది. తనను కాపాడ్డానికే ఆ పిల్ల అబద్ధం వెతుకుతోందనుకుంది. ఆ జాలి సుత్తిదెబ్బల కంటే ఎక్కువ నొప్పి పుట్టించింది.

*

మర్నాడు షెడ్డులో గొలుసు తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పైన కొక్కేలకు తలకిందులుగా వేలాడుతూ కోళ్ళు వస్తున్నాయి, కత్తులు కదులుతున్నాయి. రంపం దగ్గర వేరే ఆవిడ నిలబడింది. ఆమె మెడ రాయిలా బిగుసుకుపోయి ఉంది. కోడి పేగులు తీసే పని కాబట్టి డాక్టరమ్మ అని పేరుపడ్డ లావుపాటి ఆవిడ, రోజంతా నోరు కట్టుకోలేక రెండుసార్లు ఏదో మొదలుపెట్టి, మేస్త్రీ మొహం చూసి మింగేసింది.

మేస్త్రీ చెయ్యి మాటకంటే ముందొచ్చే రకం. కోడి తోలు చిరిగితే వీపు మీద ఒకటి, తల ఎత్తితే నెత్తి మీద ఒకటి. ఆ చెయ్యి పడని మనిషి బల్ల దగ్గర లేదు. ఏడాది మొదటి రోజున ఆలస్యంగా వచ్చిందని పిచ్చుక చెంప పగలగొట్టాడు కూడా. అప్పుడంతా తలలు దించుకుని కోసుకున్నారు. తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. రోజూ ఉండేదే కదా అనుకున్నారు.

తిండి వేళకు అతను కథలక్కను పక్కకు పిలిచాడు. విచిత్రంగా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చూడు, ఈ ఏడాది ఆఖరి పనిరోజున మేడమ్ వస్తోంది. హెడ్డాఫీసు నుంచి. ఎలా జరిగిందో అడుగుతుంది. నువ్వే సాక్షివి. పుస్తకం మోగుతోంది, మేస్త్రీ కేకేశాడు, ఆ పిల్ల కథలో పడి వినలేదు. ఇంతే. అబద్ధం చెప్పమనట్లేదుగా?"

కథలక్క తల అడ్డంగా ఊపింది. అబద్ధమని ఆమె అనుకోవడం లేదు. అదే కదా బాధ.

"అలా చెప్పావనుకో, నేనే మాట్లాడి ఆమెను ప్యాకింగులో పెట్టిస్తాను. మూడు వేళ్ళతో సంచులు మూటగట్టొచ్చు. లేదూ, గంటలనీ గాడిదగుడ్డనీ నా మీదకు తోస్తే ఇద్దర్నీ బయటికి గెంటిస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

"చెప్తాను," అంది కథలక్క. పిచ్చుకకు ఒక పని మిగిలితే చాలు. తను మోయాల్సిన నిందే కదా, మోస్తాననుకుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆడపడుచుతో ఆ మాటే చెబితే, పిచ్చుక ఆమె పెదవుల వైపే చూస్తూ అంతా విని, "సరే వదినా, అలాగే చెప్పు," అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఎంతకీ కదల్లేదు. అన్నానికి పిలిచినా పలకలేదు.

*

ఏడాది ఆఖరి పనిరోజున ఆ బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కత్తి ఆపకుండా, ఒకరి తర్వాత ఒకరు, ఆ ఏడాది విన్నవాటిలో తమకు నచ్చిన పుస్తకం ఏదో చెప్పాలి. ఊరికే పేరు చెబితే ఒప్పుకోరు. ఎక్కడ నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఎక్కువమంది మెచ్చిన పుస్తకాన్ని అందరూ కలిసి అచ్చుప్రతి కొని సాన తాతకు ఇస్తారు. కత్తులు నూరే ఆ ముసలాయన మూలన కూర్చుని, నూనె అంటిన బొటనవేలితో పేజీలు తిప్పుతూ దాన్ని చదువుతాడు. "వింటే చదివినట్టా? మింగితే నమిలినట్టా?" అని వాళ్ళను ఉడికించడం ఆయన సరదా.

ఈసారి స్పీకరు లేదు, ఫోను లేదు. మేడమ్ రాకకోసం మేస్త్రీ ఆఫీసు గదిలో కాచుకుని ఉన్నాడు. పిచ్చుక కూడా సాక్ష్యానికని వచ్చి, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద, చేతికట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ ఇంక ఆగలేకపోయింది.

"ఏమే, ఆనవాయితీ మానేస్తామా ఏంటి? స్పీకరు తొక్కాడు గానీ మన నోళ్ళు తొక్కాడా? నాది ముసలి దొంగది. దొరికిందో లేదో తెలీకుండా పోయింది గానీ, అదే నాది. ఆ స్వెటరు బేరం విన్నాక నేను బజారుకెళ్తే అందరి కోట్లూ చూస్తున్నాను."

పక్కనే ఎముకలు తీసే పొడుగావిడ జైలు పుస్తకమంది. "ఆ మనిషి గోడమీద గీతలు గీసి గీసి, ఒకరోజు గీయడం మర్చిపోతాడు చూడూ, అక్కడ నాకు ఏడుపొచ్చింది. చెయ్యని తప్పుకు అన్నేళ్ళు." ఇంకొకావిడ మంచుకొండ ఎక్కినవాళ్ళ కథ అంది. అది వింటున్నన్ని రోజులూ ఈ చల్లగది తనకు వెచ్చగా అనిపించిందట. అందరూ నవ్వారు. చాలా రోజులకు ఆ బల్ల చుట్టూ నవ్వు వినిపించింది. కథలక్క మాత్రం నవ్వలేదు. కోడికాలు మెలితిప్పి, కీలు మీద కత్తి పెట్టి, టక్కున విరుస్తోంది.

"నువ్వో పిచ్చుకా?" గొంతు పెంచి అడిగింది డాక్టరమ్మ, ఆమె ఎదురుగా వంగి. "నువ్వు ఇవాళ కోయకపోయినా ఏడాదంతా విన్నావుగా. చెప్పు."

పిచ్చుక అందరివైపూ చూసింది. కొంచెం సిగ్గుపడింది.

"నాకు పడవవాడి పుస్తకం నచ్చింది."

"ఎక్కడ?"

"చివర్న. ఏరు దాటించే పడవవాడూ, ఆ మొగుడు పోయినావిడా పెళ్ళి చేసుకుంటారు చూడు. పడవకి పూలు కడతారు. నాకది భలే నచ్చింది."

బల్ల ఒక్కసారి ఘొల్లుమంది. సాన తాత కూడా సానరాయి ఆపి బోసినోటితో నవ్వాడు. పిచ్చుక అందరితోపాటు, కాస్త ఆలస్యంగా, నవ్వింది.

కథలక్క చేతిలో కోడికాలు అలాగే ఉండిపోయింది.

పడవవాడి పుస్తకంలో పెళ్ళి లేదు. పడవవాడు వరదలో మునిగి చచ్చిపోతాడు. బల్ల దగ్గర అందరూ అది విని ముక్కులు చీదుకున్నారు. సాన తాత మాత్రం ఆ రోజుల్లో జ్వరంతో రాలేదు. తిరిగొచ్చి చివర్న ఏమైందని అడిగితే, ఆయన్ని ఆటపట్టించడానికి కథలక్కే, టీ వేళ, మిషను ఆగి ఉన్నప్పుడు, మొహం సీరియస్‌గా పెట్టి పెళ్ళి కథ అల్లింది. పడవకు పూలు కట్టింది కూడా ఆమే. నిజం తెలిశాక ముసలాయన వారం పాటు ఆమె కత్తి నూరనని బెదిరించాడు. ఆ గోల అంతా మిషను తిరుగుతుండగా జరిగింది.

పుస్తకం విన్న మనిషి ఆ మాట అనదు. అంటే ఆ మనిషి పుస్తకం వినలేదు.

కథలక్కకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆలస్యంగా వచ్చే నవ్వు. పక్కకు వాలే తల. పెదవుల మీదే ఉండే చూపు. వెనకనుంచి పిలిస్తే పలకదని, పరధ్యానమని, పొగరని తను ఇంట్లో తిట్టిన తిట్లు. కత్తి బల్ల మీద పెట్టి, "చెయ్యి కడుక్కొస్తాను, రావే," అని ఆడపడుచును లేవదీసింది.

నీళ్ళ తొట్ల దగ్గర ఎవరూ లేరు. అక్కడికి కూడా గొలుసు హోరు వినిపిస్తోంది. పిచ్చుక మంచి చెయ్యి పంపు కింద పెట్టింది. కథలక్క ఆమె ఎడమ పక్కకు వచ్చి, మామూలు గొంతుతో అంది.

"నీ జడలో పురుగుంది."

పిచ్చుక చెయ్యి కడుక్కుంటూనే ఉంది. కథలక్క వెనకగా కుడి పక్కకు వెళ్ళి, వంగి, అదే మాట చెవిలో అంది. పిచ్చుక ఎగిరిపడి జడ విదిలించుకుంది. పురుగు కనిపించలేదు. వదిన మొహం కనిపించింది. అంతా అర్థమై, తొట్టి గట్టు మీద కూలబడింది.

"ఎప్పటినుంచే?"

"మేస్త్రీ కొట్టిన రోజునుంచి." పిచ్చుక తన చేతికట్టు వైపు చూస్తూ మాట్లాడింది. "ఆ రాత్రి దిండంతా నెత్తురు. చెవిలో సెగ్గడ్డ పగిలిందని చెప్పాను గుర్తుందా? నువ్వు చుక్కల మందు వేశావు. అంతే, ఎడమది పూర్తిగా పోయింది. మిషను ఆగి ఉంటే కుడిదాంతో సర్దుకుంటాను. తిరుగుతుంటే అంతా ఒకటే హోరు. మీరు నవ్వినప్పుడు నవ్వేదాన్ని. మీరు ఏడిస్తే..."

"పుస్తకాలు?"

"ఒక్కటీ వినలేదు వదినా."

కథలక్కకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులుగా గుండెల మీద పెట్టుకు తిరిగిన బండ ఇది. మొగుడి సుత్తి, గోడకు తగిలిన వీపు, తిండి సహించని పూటలు, అన్నీ ఒక అబద్ధం కోసం. "చంపేస్తాను నిన్ను," అంది. మరుక్షణం ఆ తలను రెండు చేతులా పట్టి పొట్టకు హత్తుకుంది. కుడి చెవి మూసుకుపోయిందేమోనని మళ్ళీ వదిలింది. "ఎందుకు దాచావే?"

"చెవిటిదాన్ని రంపం దగ్గర ఉంచుతారా? ప్యాకింగులో మాత్రం ఉంచుతారా? కేక వినపడని మనిషి ఇక్కడ ఎందుకూ పనికిరాదు. చెప్పకు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను. వేళ్ళు ఎలాగూ పోయాయి. చెవి సంగతి తెలిస్తే ఉన్న పని కూడా పోతుంది. కథలో పడి వినలేదనే చెప్పు. నిన్ను అన్నయ్య తిట్టాడు, నాకు తెలుసు. నేను తర్వాత సర్దిచెప్తాను."

చెబితే ఆడపడుచు వీధిలో పడుతుంది. చెప్పకపోతే ఆ చెంప పగలగొట్టిన చెయ్యి రేపూ బల్ల చుట్టూ తిరుగుతుంది. బయట కారు తలుపు పడ్డ చప్పుడైంది.

*

మేడమ్ సన్నటి మనిషి. బూట్లకు నీలం సంచులు తొడుక్కుని, నెత్తురు చుక్కలు తొక్కకుండా అడుగు చూసుకుంటూ వచ్చింది. పని ఆపడానికి వీల్లేదని మేస్త్రీయే చెప్పాడు కాబట్టి, గొలుసు తిరుగుతుండగానే, బల్ల పక్కనే విచారణ మొదలైంది. పిచ్చుక మళ్ళీ డబ్బా మీద కూర్చుంది. మేస్త్రీ ఆమె ఎడమవైపు నిలబడి, జరిగిందంతా తను అనుకున్నట్టే గొంతెత్తి చెప్పాడు. సౌండు ఎంత పెంచేవాళ్ళో, తను ఎన్నిసార్లు వద్దన్నాడో, ఆ రోజు ఎలా గొంతు చించుకున్నాడో.

"నువ్వేనా ఆ పుస్తకాలు పెట్టేది?" మేడమ్ కథలక్కను అడిగింది.

"నేనేనండి."

"ఆ టైంలో పుస్తకం మోగుతోందా?"

"మోగుతోందండి."

"ఈయన కేకేశాడా?"

"వేశాడండి."

అంతా నిజమే. పిచ్చుక కథలక్క పెదవుల వైపే చూస్తోంది, బతిమాలుతూ.

"మరి నువ్వేమంటావమ్మా?" అని మేడమ్ పిచ్చుకను అడిగింది గానీ, తను రాసుకుంటున్న కాగితం వైపు చూస్తూ అడిగింది. పెదవులు కనిపించలేదు. పిచ్చుక వదినవైపే చూస్తూ కూర్చుంది.

"మేడమ్ అడుగుతోంది!" మేస్త్రీ ఎడమ పక్కనుంచి అన్నాడు. ఆమె కదల్లేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. హెడ్డాఫీసు మనిషి ముందు తన మాటకు ఇంత విలువా! పళ్ళు కొరికాడు. ఎప్పటి అలవాటో, చెయ్యి దానంతటదే లేచింది.

ఆ చేతికీ పిచ్చుక తలకూ మధ్య కథలక్క వచ్చి నిలబడింది.

"ఈసారి కుడి చెవా?" అంది.

చెయ్యి గాల్లోనే ఆగింది. మేడమ్ తల ఎత్తింది.

"ఎడమది ఈయన ముందే పగలగొట్టాడండి," అంది కథలక్క. "ఆ పిల్ల కథ వినలేదు. కేకా వినలేదు. ఈ ఏడాదంతా ఏమీ వినలేదు. గంట మోగదు, ఈయన గొంతే గంట. ఆ గంట వినబడే చెవిని ఈయనే కొట్టాడు."

"కథలు వినీ వినీ కథలు అల్లుతున్నారు మేడమ్!" మేస్త్రీ అరిచాడు. "నేను ఎవర్నీ చెయ్యెత్తి ఒక దెబ్బ వెయ్యలేదు. ఎప్పుడు కొట్టాను? చెప్పమనండి, ఎప్పుడు?"

"ఏడాది మొదటి రోజు," అంది డాక్టరమ్మ. పేగులు తీసే చెయ్యి ఆపి, మోచేతి దాకా నెత్తురుతో అలాగే తిరిగి నిలబడింది. "జైలు పుస్తకం మొదలైన రోజు. ఆ ఖైదీకి బట్టలిచ్చే చోట కొట్టాడు."

"బట్టలు అప్పుడే ఎక్కడిచ్చారూ?" పొడుగావిడ కొట్టిపారేసింది. "ఇంకా లోపలికి తీసుకొస్తున్నారు. గేటు పడుతుంది చూడు, ధడేలుమని. ఆ గేటు చప్పుడూ చెంపదెబ్బా ఒకసారే విన్నాను నేను. రెండూ స్పీకరులోవే అనుకున్నాను."

"గేటు దాటారే! జైల్లో బల్ల దగ్గర నిలబెట్టారు."

"బట్టలు మాత్రం ఇవ్వలేదు."

మంచుకొండ మెచ్చుకున్నావిడ కూడా కలగజేసుకుంది. సాన తాత మూలనుంచి లేచొచ్చి, తన చేతిలో అప్పుడు ఎవరి కత్తి ఉందో చెప్పాడు. పుస్తకంలో దెబ్బ ఎక్కడ పడిందన్న దాని మీదే వాళ్ళ తగవు. పడిందా లేదా అన్నది ఒక్కరి నోటా రాలేదు. మేడమ్ ఒక్కొక్క మొహమే చూస్తోంది.

"ఆ తర్వాత నేను సౌండు పెంచానండి," అంది కథలక్క నెమ్మదిగా. "దాని ఏడుపు వినబడకుండా. అది మాత్రం నా తప్పే."

మేస్త్రీ ఆమె భుజం పట్టి గుంజి బల్లకేసి తోశాడు. బల్ల అంచు నడుములో దిగి, ఆమెకు ఊపిరి ఆగినంత పనైంది. ఆ చప్పుడుకు బల్లకు అటూ ఇటూ కత్తులన్నీ ఆగిపోయాయి. గొలుసు ఆగలేదు. కొక్కేలకు వేలాడుతూ కోళ్ళు వస్తూనే ఉన్నాయి. కోసేవాళ్ళు లేక బల్ల చివరిదాకా అలాగే పోయి, ఒకదాని మీద ఒకటి నేల మీద దబదబ పడుతున్నాయి.

"కోయండే!" అరిచాడు మేస్త్రీ. "చూస్తారేం? కోయండి!"

ఒక్క చెయ్యీ కదల్లేదు. కత్తులు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ కింద పెట్టలేదు. మేస్త్రీ ఆ కత్తుల వైపు చూసి, మొదటిసారిగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమంటున్నాడు వదినా?" పిచ్చుక అడిగింది.

కథలక్క నడుము పట్టుకుని, వంగి, కుడి చెవిలో చెప్పింది. "కోయమంటున్నాడు."

మేడమ్ వెళ్ళి స్వయంగా మీట ఎత్తేసింది. గొలుసు కీచుమని ఆగింది. ఆమె జాలిపడే మనిషిలా లేదు. పైన గోడకు వేలాడే తుప్పు పట్టిన గంటను చాలాసేపు చూసింది. "ఇది ఎప్పటినుంచి మోగడం లేదు?" అని మేస్త్రీని అడిగింది. అతను నేలచూపులు చూశాడు. ఆ గంట కంపెనీకి ఎంత చేటో లెక్క వేసుకున్నట్టు, చేతిలో కాగితాన్ని నిలువునా చింపి జేబులో పెట్టుకుంది. "గంట బాగయ్యేదాకా మిషను తిప్పొద్దు. ఈమెను ప్యాకింగులో వెయ్యండి. అక్కడ కేకలతో పనిలేదు. చెవి పరీక్ష మేం చేయిస్తాం. మీరు నాతో ఆఫీసుకు రండి." మేస్త్రీ ఆమె వెనకే వెళ్ళాడు. నేలమీది కోళ్ళను దాటుతూ ఒకసారి కాలు జారాడు. ఎవరూ నవ్వలేదు.

షెడ్డులో అంత నిశ్శబ్దం పనివేళలో ఎన్నడూ లేదు. చల్లగది మోటారు కూడా ఆగి, తొట్టి పంపులో నీటి చుక్క పడటం వినిపిస్తోంది. పిచ్చుక తల వాల్చకుండానే, నిటారుగా కూర్చుని ఆ చుక్కను వింది.

"వదినా, పడవవాడికి పెళ్ళి కాలేదా అయితే?"

"లేదే. వరదలో పోయాడు."

"మరి నువ్వు పూలు కట్టావుగా?"

"తాత కోసం కట్టాను. నువ్వు విన్నావని నాకేం తెలుసు?" కథలక్క ఆమె పక్కన, కుడివైపు, నేల మీదే చతికిలబడింది. నడుము నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పికే కాదు.

"అయితే నా పుస్తకం మార్చుకుంటాను," అంది పిచ్చుక. "నాది జైలు పుస్తకం."

"అదెక్కడ విన్నావే నువ్వు?" డాక్టరమ్మ అడిగింది.

"మొదట కొంచెం విన్నాను. రెండు చెవులతో. మీ ఇద్దరిదీ తప్పు. గేటు అప్పటికే పడింది, బట్టలు ఇంకా ఇవ్వలేదు. బల్ల వెనక కూర్చున్నవాడు ఆ ఖైదీని, నీ పేరేంటి అని అడిగాడు. అంతవరకే విన్నాను." ఆమె ఒక్కొక్కరి వైపూ చూసింది. "ఏం చెప్పాడు?"

కథలక్క నోరు తెరిచింది. ఆ పుస్తకం ఆమెకు కంఠతా వచ్చు. గీతలు గీసిన గోడ, చలి, చివర్న తెరుచుకున్న తలుపు, అన్నీ గుర్తున్నాయి. ఆ ఒక్క చోటు లేదు. అప్పుడే చెంపదెబ్బ పడింది, తన చెయ్యి స్పీకరు మీద ఉంది. ఆమె డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ పొడుగావిడ వైపు చూసింది. పొడుగావిడ తల దించుకుంది. ఆ మాట బల్ల దగ్గర ఎవరూ వినలేదు.